మనిషి పోయిన దుఃఖంలో చెట్ల మధ్య కాసేపు: తరచుగా అడిగే ప్రశ్నలు

పరామర్శకు వచ్చినవాళ్ళు వెళ్తూ వెళ్తూ ఒక మాట అంటారు: "ఇంట్లోనే కూర్చోకమ్మా, అలా బయటికెళ్ళి రా, కాస్త గాలి మారుతుంది." మా అమ్మ పోయినప్పుడు నాతో కనీసం పదిమంది ఈ మాట అన్నారు. బయటికెళ్ళి ఏం చేయాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ ఏడాది పొద్దున్నే మా ఊరి చెరువు కట్ట మీద కూర్చుని, తప్పులు చేస్తూ, మైండ్‌ఫుల్‌నెస్ అనే పద్ధతి గురించి కొంత చదువుకుంటూ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, కౌన్సెలర్ని కూడా కాదు. వీటిలో కొన్ని ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలు, కొన్ని నన్ను నేనే అడుక్కున్నవి.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ధ్యానమేనా?

ధ్యానం అందులో ఒక పద్ధతి. మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఇప్పుడు ఎదురుగా ఉన్నదాని మీద, ఒంట్లో మనసులో జరుగుతున్నదాని మీద ధ్యాస ఉంచడం. ఇది మంచిది, ఇది చెడ్డది అని తీర్పు చెప్పకుండా చూడటం. తెలుగులో దీనికి 'ఎరుక' అనే మాట సరిపోతుంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ దీన్ని ఎనిమిది వారాల కోర్సుగా రోగులకు నేర్పించడం మొదలుపెట్టాక ఇది ఆసుపత్రుల్లోకి వచ్చింది. అసలు మూలం మాత్రం బౌద్ధం. పాళీలో దీన్ని 'సతి' అంటారు, సంస్కృతంలో 'స్మృతి'.

స్మృతి అంటే జ్ఞాపకం. ఈ సంగతి తెలిసిన రోజు నాకు పెద్ద బరువు దిగినట్టయింది. అప్పటిదాకా ఇదేదో అమ్మను మర్చిపోయే ఉపాయం అనుకుని లోపల్లోపల దీన్ని అసహ్యించుకుంటున్నాను.

మరి బయటికి వెళ్ళేది మర్చిపోవడానికి కాదా?

కాదు. మర్చిపోవడానికి వెళ్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మొదటి నెల అంతా అలాగే వెళ్ళాను. చెవుల్లో పాటలు పెట్టుకుని గబగబా నాలుగు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చేదాన్ని. గేటు తీయగానే అంతా మళ్ళీ మొదటికొచ్చేది, పైగా కాళ్ళ నొప్పులు అదనం. ఆ నడక ఒంటికి మంచిదే. కానీ దుఃఖాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్ళినట్టుండేది, తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే కూర్చుని ఉండేది.

తర్వాత దాన్ని వెంట తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. అమ్మ గుర్తొస్తే రానిచ్చేదాన్ని. గుర్తొచ్చినప్పుడు గొంతులో ఏమవుతోంది, ఛాతీ మీద ఎక్కడ బరువుగా ఉంది అని గమనించి, మళ్ళీ ఎదురుగా ఉన్న నీళ్ళ వైపు చూసేదాన్ని. చేయాల్సిందంతా ఇంతే. వినడానికి తేలికగా ఉంటుంది, చేయడానికి అంత తేలిక కాదు.

అదేదో ఇంట్లో కళ్ళు మూసుకుని చేయొచ్చుగా?

కొందరికి కుదురుతుంది. నాకు కుదరలేదు. కళ్ళు మూసుకోగానే ఐసీయూ గది, ఆ మానిటర్ చప్పుడు, డాక్టర్ బయటికి వచ్చి చెప్పిన మాట, ఇవే తిరిగేవి. కళ్ళు తెరిస్తే అలమర మీద అమ్మ కళ్ళజోడు, సగం వాడిన మందుల డబ్బా. చెట్ల మధ్య అయితే కళ్ళు తెరిచే ఉంచొచ్చు, చూడటానికి వేరే ఏదో ఒకటి ఉంటుంది. మరో సుఖం కూడా ఉంది. చెట్టు మనల్ని "ధైర్యంగా ఉండాలి, నువ్వే ఇలా అయిపోతే ఎలా" అనదు.

దీని మీద పరిశోధనలూ ఉన్నాయి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది వివరాలు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవాళ్ళకంటే త్వరగా ఇంటికెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. 2019లో ఇంగ్లాండులో సుమారు 20,000 మంది మీద వచ్చిన అధ్యయనంలో వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్ళు, అసలు గడపనివాళ్ళకంటే తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒకేసారా, విడివిడిగానా అన్నది పెద్దగా తేడా చూపలేదు. జపాన్ అటవీ శాఖ అయితే 1982లోనే అడవిలో నింపాదిగా గడపడానికి 'షిన్రిన్-యోకు' అని పేరు పెట్టింది. అడవి స్నానం అని అర్థం.

ఒక్క మాట. ఆ 46 మంది ఆపరేషన్ అయినవాళ్ళు, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు కారు. ఇంగ్లాండు లెక్కలో కూడా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ బయట తిరిగి ఉండొచ్చు. కాబట్టి చెట్టు కింద కూర్చుంటే దుఃఖం ఇంత శాతం తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సరే, మొదటి రోజు సరిగ్గా ఏం చేయాలి?

పది నిమిషాలు చాలు. ఇంటికి దగ్గరగా, రోజూ వెళ్ళగలిగే చోటు చూసుకోండి. అందమైన చోటు కాకపోయినా ఫరవాలేదు. నా చోటు చెరువు కట్ట మీద ఒక వేపచెట్టు. దాని పక్కనే సగం విరిగిన సిమెంటు బెంచీ, ఎదురుగా గుర్రపుడెక్క పట్టిన నీళ్ళు.

కూర్చోగానే మనసును ఏమీ చేయబోకండి. ముందు పాదాల సంగతి చూడండి. చెప్పులు విప్పితే నేల చల్లగా ఉందా, గరుకుగా ఉందా, ఎక్కడ రాయి గుచ్చుకుంటోంది. తర్వాత చెవులు. మొదట బండ్ల హారన్లే వినిపిస్తాయి. వాటినీ వినండి, విసుక్కోకండి. కాసేపటికి వాటి కింద ఇంకో పొర ఉన్నట్టు తెలుస్తుంది: గోరింకల గొడవ, ఎండాకు నేల మీద దొర్లిన చప్పుడు, ఎక్కడో మోటారు. ఆ తర్వాత ఒకే ఒక్కదాన్ని కళ్ళతో పట్టుకోండి. ఒక కొమ్మ చాలు. బెరడు మీద చీమల దారి ఎటు పోతోంది, ఆకు అంచు రంపంలా ఉందా నున్నగా ఉందా. ఊపిరిని లెక్కపెట్టక్కర్లేదు. వదిలే ఊపిరి తీసుకున్నదానికంటే కాస్త పొడుగ్గా ఉంటే చాలు.

మధ్యలో మనసు పారిపోతుంది. "ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే" దగ్గరికి నూటికి తొంభైసార్లు వెళ్తుంది. వెళ్ళిందని తెలియగానే, తిట్టుకోకుండా, చీమల దగ్గరికి వచ్చేయండి. పది నిమిషాల్లో ముప్పైసార్లు వెళ్తే ముప్పైసార్లు రండి. అది పాడైపోయినట్టు కాదు, ఆ రావడమే అభ్యాసం.

మర్నాడు అదే చెట్టు దగ్గరికి వెళ్ళండి. రోజుకో కొత్త చోటు చూస్తే మనం సందర్శకులం అయిపోతాం. ఒకే చెట్టును నెలల తరబడి చూస్తే మార్పు కనిపిస్తుంది. మాఘం, ఫాల్గుణంలో వేప ఆకంతా రాల్చి బోసిగా నిలబడినప్పుడు అది చచ్చిపోయిందేమో అనుకున్నాను. చిన్నప్పటి నుంచి చూస్తున్న చెట్టే, కానీ ఎప్పుడూ చూడలేదన్నమాట. పది రోజులకు ఎర్రటి చిగురు వేసింది. దాన్ని చూసి నాకు ఓదార్పు కలగలేదు, కోపం వచ్చింది. కోపం వచ్చిందని కూడా గమనించాను.

అక్కడ ఏడుపొస్తే?

ఏడవండి. కర్చీఫ్ చాలదు, చిన్న తువ్వాలు పట్టుకెళ్ళండి. జనం చూస్తారన్న బెరుకు ఉంటే తెల్లవారుజామున, లేదా మధ్యాహ్నం వెళ్ళండి, ఎండాకాలం అయితే మధ్యాహ్నం వద్దు. ఏడుస్తున్నప్పుడు చేయి చెట్టు మానుకు ఆనించి ఉంచితే కొంత ఆసరాగా ఉంటుంది. గుండె దడ, ఊపిరాడకపోవడం, తల తిరగడం లాంటివి వస్తే మాత్రం ధ్యాస లోపలికి పెట్టొద్దు. లేచి నడవండి, కనిపించిన వస్తువుల పేర్లు పైకి చెప్పుకోండి, ఎవరికైనా ఫోన్ చేయండి. అది తగ్గకపోయినా, మళ్ళీ మళ్ళీ వచ్చినా గుండె సంగతి కూడా చూపించుకోవాలి. అన్నీ మనసువే అనుకోకూడదు.

వారం నుంచి వెళ్తున్నాను, ఏమీ అనిపించట్లేదు.

మొద్దుబారినట్టుండటం దుఃఖంలో మామూలే. ఏమీ అనిపించకపోవడాన్నే గమనించి వచ్చేయండి.

నిన్న ఒక పిట్టను చూసి నవ్వొచ్చింది. మరుక్షణం ఏదో పాపం చేసినట్టనిపించింది.

ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. భర్త పోయి మూడు నెలలైన ఒకావిడ, రామచిలుక జామకాయను ఒంటికాలితో పట్టుకుని తింటుంటే నవ్వానని, ఆ రాత్రి అన్నం ముట్టలేదని చెప్పింది.

1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక నమూనా ప్రతిపాదించారు. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు ఊగుతూ ఉంటారనీ, ఆ ఊగడం అవసరమనీ వాళ్ళంటారు. ఎప్పుడూ ఒకే వైపు ఉండిపోవడమే కష్టం. అయిదు దశల సిద్ధాంతం చాలామంది వినే ఉంటారు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో దాన్ని మరణానికి దగ్గరలో ఉన్న రోగులను చూసి రాసింది, మెట్లు ఎక్కినట్టు ఒక్కో దశ దాటాలన్నది తర్వాత జనం కట్టిన లెక్క. మీ నవ్వు ఏ దశలోనూ ముందుకూ వెనక్కూ జరగడం కాదు. చిలుక తిన్న తీరు నవ్వొచ్చేలా ఉంది, అంతే.

మైలలో బయటికి వెళ్ళొచ్చా? జనం ఏమంటారు?

పెద్ద కర్మ అయ్యేదాకా ఇంటిపట్టున ఉండాలన్న ఆచారం మీ ఇంట్లో ఉంటే పెరట్లో కూర్చోండి, మేడ మీదికి వెళ్ళండి. ఆ పది పన్నెండు రోజులు ఇల్లంతా జనంతో నిండి ఉంటుంది కాబట్టి అసలు కావాల్సింది పది నిమిషాల ఏకాంతం. ముస్లిం ఇళ్ళలో భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుంది. ఇంటి ఆవరణలోనో కిటికీ దగ్గరో ఇదంతా చేసుకోవచ్చు. క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక అయ్యాక సమాధి దగ్గరికి వెళ్ళే అలవాటు ఉంటుంది. అక్కడ చెట్టు నీడ ఉంటే వెళ్ళిన ప్రతిసారీ ఇంకో పది నిమిషాలు ఉండి రండి.

భర్త పోయిన ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. "ఏడాదైనా తిరగలేదు, అప్పుడే పార్కులకు బయల్దేరింది" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అదే మగవాడు వాకింగ్‌కి వెళ్తే "పాపం, ఆరోగ్యం చూసుకోవాలిగా" అంటారు. నా అభిప్రాయం అడిగితే వెళ్ళమనే చెబుతాను. తోడుగా ఒక ఆడపడుచో, తోడికోడలో వస్తే నోళ్ళు కొంచెం తొందరగా మూతపడతాయి. ఇది న్యాయం కాదు, చిట్కా మాత్రమే.

నాన్నగారి పిండం కాకి ముట్టలేదు. చెట్టు మీద కాకిని చూస్తే టెన్షన్ వస్తోంది.

మా అమ్మ పదో రోజున మేం గంటన్నర ఎదురుచూశాం. అంతకుముందు ఎన్నడూ అంతమందిమి కలిసి ఒక గోడ వైపు అంత శ్రద్ధగా చూసి ఎరగం. ఎవరి ఫోనూ బయటికి రాలేదు. రెక్క చప్పుడైతే చాలు అందరి తలలూ ఒక్కసారి తిరిగేవి. మైండ్‌ఫుల్‌నెస్ గురించి తర్వాత చదివినప్పుడు నాకు ఆ గంటన్నరే గుర్తొచ్చింది. నది, నువ్వులు, దర్భ, కాకి, రావిచెట్టు. మన కర్మకాండంతా బయట, నీళ్ళ ఒడ్డునే ఉంది కదా అనిపించింది.

కాకి రాకపోవడానికి కారణాలు మామూలువే. పొద్దెక్కింది, అప్పటికే వేరేచోట తిన్నాయి, మనుషులు గుంపుగా నిలబడ్డారు, దగ్గర్లో చెట్లు కొట్టేశారు. ఆయనకు కోపమని, తీరని కోరికని పెద్దవాళ్ళు అంటే ఆ మాట మీలో ముల్లులా ఉండిపోయి ఉంటుంది. శాస్త్రం తెలిసిన పురోహితుణ్ణి అడిగితే ప్రత్యామ్నాయాలు చెబుతారు, మనశ్శాంతికి అది చేయించుకోండి. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు గోడ మీద గుప్పెడు అన్నం పెట్టి, దూరంగా కూర్చుని చూడండి. అవి రాకముందు మీ కడుపులో ఏమవుతోందో గమనించండి. కొన్ని రోజులకు కాకులు మీ వేళను పసిగడతాయి. ఒకటి ముందు వచ్చి తల ఒంచి చూసి మిగతావాటిని పిలుస్తుంది. అప్పుడు మీరు చూసేది శకునం కాకుండా కాకి అవుతుంది.

తమ్ముడు కాలవలో మునిగి పోయాడు. నీళ్ళ దగ్గర కూర్చోమంటే ఎలా?

కూర్చోవద్దు. ప్రమాదం జరిగిన చోటికీ, అలాంటి చోటికీ ధైర్యం తెచ్చుకోవడం కోసమని ఒంటరిగా వెళ్ళకండి. కొండ వైపో, తోట వైపో వెళ్ళండి. ఎప్పటికైనా నీళ్ళ దగ్గరికి వెళ్ళాలనిపిస్తే ముందు కౌన్సెలర్‌తో మాట్లాడి, మనిషిని తోడు తీసుకుని వెళ్ళండి.

అస్థికలు కలిపిన చోటికి వెళ్ళడం వేరు. రాజమండ్రి ఘాట్లలో చాలామంది అలా వచ్చి మెట్ల మీద ఊరికే కూర్చుంటారు. వెళ్తే పై మెట్ల మీదే ఉండండి. వానాకాలంలో గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు కింది మెట్లు కనిపించవు, పాచికి కాలు జారుతుంది. ఏడ్చి ఏడ్చి నిద్రలేని ఒంటికి తూకం తప్పడం తేలిక.

మేం అపార్ట్‌మెంట్లో ఉంటాం. ఇక్కడ ప్రకృతి ఎక్కడుంది?

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు దగ్గర ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, ఊరి మధ్యలో నెమళ్ళ కూత వినొచ్చు. వాకింగ్ చేసేవాళ్ళ హడావిడి తప్పించుకుని ఒక బెంచీ చూసుకోండి. అది లేనివాళ్ళకు వీధి చివర నిద్రగన్నేరు ఉంటుంది. సాయంత్రం చీకటి పడేవేళ దాని ఆకులు ముడుచుకుంటాయి. చింతచెట్టూ అంతే. ఆ పావుగంట చూడండి. దుఃఖంలో సాయంత్రాలు మహా కష్టం, దీపాలు పెట్టే వేళ ఇల్లు మరీ బోసిగా ఉంటుంది. ఆ వేళకు పని ఉండటం మంచిది. చెట్టే లేకపోతే మేడ మీద ఆకాశం ఉంది, కుండీలో తులసి ఉంది.

అమ్మ పేరున మొక్క నాటితే?

నాటండి, కానీ జాగ్రత్తగా. నేను తొందరపడి మే నెలలో కుండీలో పారిజాతం పెట్టాను, మూడు వారాల్లో మాడిపోయింది. అమ్మ రెండోసారి పోయినట్టు ఏడ్చాను. తొలకరి పడ్డాక నేలలో పెట్టండి. వేప, కానుగ లాంటివి మొండివి, కొంత నిర్లక్ష్యాన్ని కూడా ఓర్చుకుంటాయి. ఇంకా తేలిక దారి, ఇప్పటికే ఉన్న పెద్ద చెట్టుకు మనసులో ఆ పేరు పెట్టుకోవడం. ఎవరికీ చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఉన్నాను. నాన్న ఆఖరిచూపుకు కూడా అందలేదు.

మీ కష్టంలో ఒక చిక్కు ఉంది. మీ చుట్టూ ఏదీ మారలేదు. నాన్న కుర్చీ అక్కడ లేదు, ఖాళీగా కనబడటానికి. అందుకే కొందరికి నెలల తర్వాత ఇండియాకు వచ్చి గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు గానీ ఏడుపు రాదు. అక్కడి పార్కులో ఒక చోటును నాన్న కోసం కేటాయించుకోండి. వెళ్ళినప్పుడు ఆయనతో తెలుగులో, పైకే మాట్లాడండి. మేపుల్ ఆకు రాలడం చూస్తూ, మంచులో బూటు కింద చప్పుడు వింటూ "నాన్నా, ఇక్కడ ఇలా ఉంటుంది" అని చెప్పొచ్చు. వీడియో కాల్‌లో కర్మ చూసినవాళ్ళకు తమ చేతులతో, తమ కాళ్ళతో చేసింది ఒకటి ఉండాలి.

పిల్లలను తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి, ధ్యాస పాఠం చెప్పకండి. వాళ్ళు గులకరాళ్ళు ఏరుతూ ఉన్నట్టుండి "తాతయ్య ఇప్పుడెక్కడున్నాడు" అంటారు. పక్కపక్కన నడుస్తూ జవాబు చెప్పడం, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం కంటే ఇద్దరికీ సులువు.

ఫోన్‌లో యాప్ పెట్టుకోవాలా?

వద్దు. ఫోన్ సైలెంట్‌లో జేబులో ఉండనివ్వండి, అవసరానికి ఉండాలి కాబట్టి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

నెలలు గడుస్తున్నా రోజులో ఎక్కువ భాగం పోయినవాళ్ళ కోసం తపించిపోతూ, తినడం, పని, పిల్లలు ఏవీ పట్టని స్థితి ఉంటే వెళ్ళాలి. దీర్ఘకాల దుఃఖ రుగ్మతను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ గడువు కనీసం ఆరు నెలలు. అమెరికా మనోవైద్యుల సంఘం 2022లో పెద్దవాళ్ళకు పన్నెండు నెలలు అని పెట్టింది. మన ఏటి సూతకం కూడా ఏడాదే, అది వేరే లెక్క అనుకోండి.

వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోవాలి, బతకాలని లేదు అన్న ఆలోచన వస్తే మాత్రం గడువులు చూడొద్దు, చెట్టు దగ్గరికి ఒంటరిగా వెళ్ళొద్దు. అప్పటికప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మీ వాళ్ళలో ఎవరైనా ఇలా అంటుంటే, మాట మార్చకుండా నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం అక్కర్లేదు.

సంవత్సరీకం అయిపోయాక మానేయొచ్చా?

మానేయొచ్చు. నేను రోజూ వెళ్ళడం మానేశాను. ఉగాది ముందు వారం మాత్రం తప్పకుండా వెళ్తాను. పచ్చడికి, ఏడాది పొడుగునా చారుకు సరిపడా వేపపువ్వు అమ్మే ఏరి ఆరబెట్టేది, ఇప్పుడు ఆ పని నాకొచ్చింది. కట్ట మీది చెట్టు కింది కొమ్మల పువ్వు ఎవరో ఒకరు ముందే కోసుకుపోతారు. అందుకని చీకటితోనే బయల్దేరతాను.